ప్రోస్టేట్ క్యాన్సర్ రిపోర్టు చేతికొచ్చాక: ఏ మార్కర్ ఏం చెబుతుంది

ప్రోస్టేట్ క్యాన్సర్ అని రిపోర్టులో చూడగానే తెలిసినవాళ్లు నన్ను అడిగే మాట దాదాపు ఒకటే: "దీనికేదో జీన్ టెస్ట్ ఉందట కదా, చేయించమంటావా?" నేను డాక్టర్‌ని కాదు. మాలిక్యులర్ బయాలజీ చదువుకున్నాను, కణితి ముక్కల్లోంచి ఆర్‌ఎన్‌ఏ (జన్యువులు పనిచేసేటప్పుడు తయారయ్యే అణువు) తీసి కొలిచే పనిలో ఉన్నాను, అందుకని అడుగుతారు. ఈమధ్య మా బాబాయి కూడా అడిగాడు. ఫోన్లో ఎంత చెప్పినా సగం మిగిలిపోతోంది, పైగా అదే మాట మళ్లీ ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందుగా అసలు మాట చెప్పేస్తాను. ఈ టెస్టుల్లో ఏదైనా చేయించే ముందు డాక్టర్‌ని ఒక ప్రశ్న అడగండి: ఇది ఎక్కువ వస్తే ఏం చేస్తాం, తక్కువ వస్తే ఏం చేస్తాం? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ టెస్ట్ అక్కర్లేదు. జవాబులు వేరైతే, అప్పుడు దాని గురించి తెలుసుకోవడం నిజంగా అవసరం.

ఈ క్యాన్సర్ విషయంలో ఇంత తర్జనభర్జన ఎందుకంటే, ఒకే పేరు కింద రెండు వేర్వేరు జబ్బులు ఉన్నంత తేడా ఉంటుంది. వేరే కారణాలతో చనిపోయిన ముసలివాళ్లకు శవపరీక్ష చేసి ప్రోస్టేట్ గ్రంథిని సన్నగా కోసి చూస్తే, ఎనభై దాటినవాళ్లలో సగానికి పైగా మందిలో క్యాన్సర్ కణాలు కనిపిస్తాయని అధ్యయనాలు చెబుతున్నాయి. బతికున్నప్పుడు వాళ్లకు దాని ఊసే తెలియదు. ఇంకోవైపు ఇదే క్యాన్సర్ కొందరిలో యాభైల్లోనే ఎముకలకు పాకి, మనిషిని మంచాన పడేసి, కొన్నేళ్లలో ప్రాణం తీస్తుంది. మైక్రోస్కోప్ కింద రెండూ క్యాన్సరే. మన దగ్గరున్నది ఈ రెంటిలో ఏ రకం అనేదే రోగి అడగాల్సిన ప్రశ్న, దానికి జవాబు చెప్పడానికే ఈ బయోమార్కర్లన్నీ, అంటే జబ్బు తీరు తెలిపే కొలతలన్నీ, పుట్టుకొచ్చాయి.

మార్కర్ అనే ఆలోచన ఈ జబ్బులో చాలా పాతది. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్ల రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుందని 1938లోనే రాశారు. 1941లో చార్లెస్ హగ్గిన్స్ ఆ ఎంజైమ్‌నే కొలమానంగా పెట్టుకుని, వృషణాలు తీసేస్తే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చూపించాడు, దానికి 1966లో నోబెల్ వచ్చింది. మగ హార్మోన్‌ను అణిచే ఇప్పటి హార్మోన్ చికిత్సకు మూలం అదే. ఒక మార్కర్ లేకపోతే ఆ సంగతి అంత స్పష్టంగా బయటపడేది కాదు, అందుకే నాకు ఈ చరిత్ర ఇష్టం.

తర్వాత పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష వచ్చింది. దీన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1986లో మొదట ఆమోదించింది, చికిత్స అయినవాళ్లలో జబ్బు తిరగబెడుతోందా అని గమనించడానికి. కొత్తగా జబ్బు పట్టుకోవడానికి వాడుకోవచ్చని 1994లో ఒప్పుకుంది. పీఎస్‌ఏ అనేది ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఎంజైమ్, గడ్డకట్టిన వీర్యాన్ని పలచన చేయడం దాని పని. మామూలు గ్రంథి కూడా దాన్ని తయారుచేస్తుంది. గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, క్యాన్సర్ వచ్చినా అది రక్తంలోకి ఎక్కువగా జారుతుంది. అంటే ఇది ప్రోస్టేట్‌కు సంబంధించిన మార్కరే కానీ క్యాన్సర్‌కు మాత్రమే సంబంధించినది కాదు. ఒక్క పీఎస్‌ఏ అంకె చూసి రాత్రంతా నిద్రపోకుండా టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అలాగే ప్రోస్టేట్ వాపుకో, జుట్టు ఊడకుండానో ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ వాడేవాళ్లలో కొన్ని నెలలకు పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పకపోతే 3 అని వచ్చిన అంకె నిజానికి 6 అయి ఉండొచ్చు.

ఖరీదైన టెస్టుల జోలికి వెళ్లకముందే పీఎస్‌ఏ నుంచి పిండుకోగలిగిన సమాచారం ఇంకా ఉంది. పీఎస్‌ఏ డెన్సిటీ అంటారు, అంటే పీఎస్‌ఏ అంకెను గ్రంథి పరిమాణంతో భాగించడం. పీఎస్‌ఏ 6, గ్రంథి 60 మిల్లీలీటర్లు అయితే 0.1. అదే 6, గ్రంథి 30 మిల్లీలీటర్లే అయితే 0.2. పెద్ద గ్రంథి ఎక్కువ పీఎస్‌ఏ తయారుచేయడం సహజం, చిన్న గ్రంథి అంత తయారుచేస్తోందంటే లోపల ఏదో ఉందని అనుమానించాలి. సాధారణంగా 0.15 దగ్గర గీత గీస్తారు. స్కాన్ రిపోర్టులో గ్రంథి పరిమాణం ఎలాగూ ఉంటుంది, భాగహారం చేయడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. అయినా చాలా ఫైళ్లలో ఆ లెక్క రాసి ఉండదు, అడిగి చేయించుకోండి. ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ మళ్లీ పెరుగుతుంటే మాత్రం అది ఎన్ని నెలల్లో రెట్టింపవుతోంది అన్నది చూడాలి. మూడు నెలల్లోపే రెట్టింపవడం చాలా గట్టి హెచ్చరిక, ఏడాదికి పైగా పడుతుంటే ఊపిరి తీసుకుని ఆలోచించుకునే వ్యవధి ఉన్నట్టే.

ఇక గ్లీసన్ స్కోర్. డోనల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్ట్ (కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు తేల్చే డాక్టర్) 1966లో ప్రతిపాదించిన పద్ధతి ఇది, కణాలు గ్రంథుల ఆకారాన్ని ఎంతవరకు నిలబెట్టుకున్నాయో చూసి నంబర్ వేస్తారు. ఎక్కువగా కనిపించే నమూనాకు ఒక నంబర్, దానికి తోడుగా ఉన్నదానికి ఇంకో నంబర్, రెండూ కలిపితే స్కోర్. ఇప్పుడు బయాప్సీలో, అంటే సూదితో తీసిన ముక్కల్లో, ఆచరణలో 6 నుంచి 10 వరకే వస్తాయి. 6 అంటే అన్నిటికన్నా తక్కువ స్కోర్ అని తెలియక, పదికి ఆరంటే సగం దాటేసిందని హడలిపోయేవాళ్లు ఎందరో. ఈ గందరగోళం పోగొట్టడానికే 2014లో అంతర్జాతీయ పాథాలజిస్టులు గ్రేడ్ గ్రూప్ 1 నుంచి 5 అనే వరసకు మార్చారు. 3+3 అంటే గ్రూప్ 1. 3+4 గ్రూప్ 2, 4+3 గ్రూప్ 3. ఈ రెండూ కలిపితే 7 అయినా ఒకటి కాదు, 4 నమూనా పైచేయి అయినప్పుడు జబ్బు నడక మారుతుంది. 8 వస్తే గ్రూప్ 4, 9 లేదా 10 వస్తే గ్రూప్ 5. గ్రంథి మొత్తం తీసి చూశాక కూడా స్వచ్ఛంగా 3+3 మాత్రమే ఉన్నవాళ్లలో అది లింఫ్ గ్రంథులకు పాకిన దాఖలాలు దాదాపు లేవు, అందుకే దాన్ని క్యాన్సర్ అని పిలవడం మానేద్దామని వాదించే డాక్టర్లు కూడా ఉన్నారు. నాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది కానీ బయాప్సీలో 3+3 అని వస్తే గ్రంథి మొత్తంలో అంతే ఉందని గ్యారంటీ లేదు. సమస్యంతా అక్కడే ఉంది.

బ్రిటన్‌లో చేసిన ప్రొటెక్ట్ ట్రయల్ గురించి ప్రతి రోగికీ ఎవరో ఒకరు చెప్పాలి. పీఎస్‌ఏ పరీక్షతో బయటపడి, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1643 మందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు: గమనిస్తూ ఉండటం, ఆపరేషన్, రేడియేషన్. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మొత్తం మీద 2.7 శాతం, మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చదివి, అయితే ఎవరికీ ఏ చికిత్సా అక్కర్లేదు అనుకోకూడదు. గమనిస్తూ ఉన్న గుంపులో 9.4 శాతం మందికి జబ్బు దూరానికి పాకింది, ఆపరేషన్ గుంపులో 4.7, రేడియేషన్ గుంపులో 5 శాతం. పైగా గమనిస్తూ ఉన్నవాళ్లలో సుమారు 61 శాతం మంది మధ్యలో ఎప్పుడో ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు. సుమారు నాలుగోవంతు మంది మాత్రం పదిహేనేళ్ల తర్వాత కూడా ఏ చికిత్సా లేకుండా బతికే ఉన్నారు.

ఆ నాలుగోవంతు మంది ఎవరో, ఆ 9.4 శాతం మంది ఎవరో మొదటి రోజే తెలిస్తే? ఆపరేషన్ తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం, లైంగిక శక్తి తగ్గడం వంటి కష్టాలు అక్కర్లేనివాళ్లకు తప్పేవి, అవసరమైనవాళ్లకు చికిత్స ఆలస్యమయ్యేది కాదు. జన్యువుల స్థాయిలో మార్కర్ల కోసం ఇంత శ్రమ పడేది ఇందుకే.

బయాప్సీకి ముందు చేసే రక్త, మూత్ర పరీక్షల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అవి తీర్చే సందేహం ఒక్కటే: బయాప్సీ చేయాలా వద్దా. ప్రోస్టేట్ హెల్త్ ఇండెక్స్ అనేది పీఎస్‌ఏలోని మూడు రూపాలను కలిపి లెక్కేస్తుంది. 4కేస్కోర్ నాలుగు కల్లిక్రీన్ ప్రోటీన్లను (పీఎస్‌ఏ కుటుంబానికి చెందినవి), వయసు వంటి వివరాలను కలిపి గ్లీసన్ 7 లేదా అంతకన్నా ఎక్కువ క్యాన్సర్ దొరికే అవకాశం ఎంతో శాతంలో చెబుతుంది. మూత్రంలో పీసీఏ3 అనే ఆర్‌ఎన్‌ఏని కొలిచే పరీక్షకు 2012లో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది, తర్వాత దానికి ఇంకొన్ని జన్యువులు జోడించిన పరీక్షలు వచ్చాయి. ఎంఆర్‌ఐ బాగా చదవగలిగే చోట వీటి అవసరం కొంత తగ్గింది. బయాప్సీ అయిపోయి రిపోర్టు చేతిలో ఉన్నవాళ్లకు ఇవి దాదాపు అనవసరం, అది గుర్తుపెట్టుకుంటే చాలు.

నన్ను అడిగేవాళ్ల మనసులో ఉండేది బయాప్సీ ముక్క మీద చేసే జీన్ టెస్ట్. ఇవి ప్రధానంగా మూడు. ప్రోలారిస్, జీపీఎస్ (ఇదివరకు ఆంకోటైప్ డీఎక్స్ పేరుతో ఉండేది), డిసైఫర్. మూడింటిలోనూ జరిగే పని ఒకటే: మైనంలో భద్రపరిచిన కణితి ముక్కలోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, కొన్ని జన్యువులు ఎంత జోరుగా పనిచేస్తున్నాయో కొలిచి, ఆ కొలతలన్నీ కలిపి ఒక స్కోర్ ఇస్తారు. మళ్లీ సూది గుచ్చాల్సిన పని లేదు, ఉన్న ముక్కే చాలు. అయితే ఆ ముక్కలో క్యాన్సర్ భాగం తగినంత ఉండాలి. మిల్లీమీటర్ కూడా లేని చిన్న మరక నుంచి ఆర్‌ఎన్‌ఏ సరిపడా రాక పరీక్ష విఫలమవడం మా పనిలో మామూలే.

ప్రోలారిస్ వెనక ఉన్న ఆలోచన చాలా సూటిగా ఉంటుంది, నాకు అందుకే నచ్చుతుంది. కణం విభజన చెందేటప్పుడు పనిచేసే 31 జన్యువులను కొలిచి, ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే 15 జన్యువులతో పోల్చి చూస్తుంది. కణాలు ఎంత వేగంగా విభజన చెందుతుంటే స్కోర్ అంత ఎక్కువ. పరిశోధకుడు జాక్ క్యూజిక్ బృందం 2011లో పాత నమూనాల మీద దీన్ని పరీక్షించి, గ్లీసన్, పీఎస్‌ఏ చెప్పని సంగతి కూడా ఈ స్కోర్ కొంత చెబుతోందని చూపించింది. జీపీఎస్‌లో 17 జన్యువులు, వాటిలో 12 క్యాన్సర్‌కు సంబంధించినవి, 5 పోలిక కోసం. కణవిభజన ఒక్కటే కాకుండా, హార్మోన్ సంకేతాలకు స్పందించే జన్యువులు, కణాల కట్టుబాటుకు చెందినవి, కణితి చుట్టూ ఉండే కణజాలంలో చెలరేగే మార్పుకు చెందినవి కూడా ఉంటాయి. కణితి ఒంటరిగా పెరగదు, చుట్టుపక్కల కణజాలాన్ని మార్చుకుంటూ పెరుగుతుంది, ఆ జాడ కూడా స్కోర్‌లోకి వస్తుందన్నమాట. డిసైఫర్ 22 ఆర్‌ఎన్‌ఏ మార్కర్లతో 0 నుంచి 1 మధ్య అంకె ఇస్తుంది, 0.45 లోపు తక్కువ రిస్క్, 0.60 దాటితే ఎక్కువ రిస్క్. జబ్బు దూరానికి పాకే అవకాశాన్ని అంచనా వేయడానికే దీన్ని తయారుచేశారు. మొదట్లో ఆపరేషన్ చేసి తీసిన గ్రంథుల మీద రూపొందించి, తర్వాత బయాప్సీ ముక్కలకు కూడా వాడటం మొదలుపెట్టారు.

వినడానికి అద్భుతంగా ఉంది కదా, మరి అందరికీ చేయించేయొచ్చు కదా అంటారు. ఇక్కడ కాస్త ఆగాలి. వీటి మీద ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం ఏళ్ల క్రితం దాచిన నమూనాలను ఇప్పుడు తీసి కొలిచి, ఆ మనుషులకు ఆ తర్వాత ఏమైందో రికార్డుల్లో చూసినవి. అది పనికిరాని పద్ధతి అనను, కానీ ఒక స్కోర్ వల్ల ఈరోజు మనిషికి మేలు జరిగిందని నిరూపించడం వేరు. ఒక ఉదాహరణ చెబుతాను. కెనరీ పాస్ అని, తక్కువ రిస్క్ ఉండి గమనిస్తూ ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి అనుసరిస్తున్న అధ్యయనం ఒకటుంది. అందులో జీపీఎస్ స్కోర్ ఎంతవరకు పనికొస్తుందో 2020లో ప్రచురించారు. పీఎస్‌ఏ డెన్సిటీ, మొదటి బయాప్సీలోని గ్రేడ్ గ్రూప్ తెలిశాక, వాటికి ఈ స్కోర్ జోడించినా అంచనా చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. పైన నేను చెప్పిన ఆ భాగహారం చాలావరకు అదే పని చేసేసింది! ఇది చదివాక నేను 3+3 వచ్చి, పీఎస్‌ఏ డెన్సిటీ తక్కువగా ఉండి, ఎంఆర్‌ఐలో ఏమీ కనిపించనివాళ్లకు జీన్ టెస్ట్ గురించి మాట్లాడటమే తగ్గించాను.

మరి వీటి విలువ ఎక్కడ? మధ్యలో ఉన్నవాళ్ల దగ్గర. గ్రేడ్ గ్రూప్ 2 వచ్చి, పీఎస్‌ఏ మరీ ఎక్కువ కాకుండా, గమనిస్తూ ఉండాలా చికిత్సకు వెళ్లాలా అని డాక్టర్ కూడా నిజాయితీగా ఊగిసలాడే సందర్భాలు ఉంటాయి. అక్కడ స్కోర్ తక్కువ వస్తే ధైర్యంగా ఆగొచ్చు, ఎక్కువ వస్తే ఆలస్యం చేయకూడదు. అలాగే ఆపరేషన్ అయ్యాక అంచుల్లో క్యాన్సర్ మిగిలిందని రిపోర్టు వచ్చినప్పుడు, రేడియేషన్ వెంటనే ఇవ్వాలా, పీఎస్‌ఏ పెరిగేదాకా చూడాలా, దానికి హార్మోన్ చికిత్స జోడించాలా అన్న చోట డిసైఫర్ లాంటివి చర్చకు పనికొస్తాయి. ఎక్కువ రిస్క్ అని ఎలాగూ స్పష్టంగా ఉన్నవాళ్లకు, అంటే గ్రూప్ 5, పీఎస్‌ఏ 40 అయినవాళ్లకు, స్కోర్ తక్కువ వచ్చిందని చికిత్స తగ్గించే ధైర్యం ఈరోజు సాధారణంగా ఎవరూ చేయరు, చేయకూడదు కూడా.

ఇక్కడే ఇంకో తేడా తెలుసుకోవాలి, డాక్టర్లతో మాట్లాడేటప్పుడు చాలామంది జారిపోయేది ఇక్కడే. జబ్బు ఎలా నడుస్తుందో చెప్పే మార్కర్ ఒక రకం, ఫలానా మందు ఈ మనిషికి పనిచేస్తుందో లేదో చెప్పే మార్కర్ ఇంకో రకం. స్కోర్ ఎక్కువగా ఉంది అంటే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ అని అర్థం. అంతమాత్రాన ఎక్కువ చికిత్స ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుందని దానంతట అది రుజువు కాదు, దాన్ని విడిగా నిరూపించాలి. అలాంటి ప్రయత్నాలు నడుస్తున్నాయి. అమెరికాలో ఎన్‌ఆర్‌జీ ఆంకాలజీ బృందం గైడెన్స్, ప్రెడిక్ట్-ఆర్‌టీ అనే రెండు పెద్ద ట్రయల్స్ నడుపుతోంది. డిసైఫర్ స్కోర్ తక్కువ ఉన్నవాళ్లకు హార్మోన్ చికిత్స తగ్గించినా ఫరవాలేదా, ఎక్కువ ఉన్నవాళ్లకు ఇంకో మందు జోడిస్తే మేలా అని వాటిలో చూస్తున్నారు. హార్మోన్ చికిత్స ఒంటి మీద ఎంత భారమో చూసినవాళ్లకు ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో అర్థమవుతుంది: ఒంట్లోంచి ఆవిర్లు, నీరసం, ఎముకలు పలచబడటం, షుగర్ పెరగడం. ఆరు నెలలు తక్కువైనా ఎంతో నయం.

స్కోర్లను నమ్మే ముందు తెలుసుకోవాల్సిన ఇంకో చిక్కు కణితిలోనే ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో ఒకచోట పుట్టదు. ఒకే గ్రంథిలో రెండు మూడు మచ్చలు ఉంటాయి, వాటి జన్యువులు చూస్తే ఒకదానికొకటి సంబంధం లేకుండా విడివిడిగా మొదలైనవని తెలుస్తుంది. సూది ఏ మచ్చకు తగిలిందో ఆ మచ్చ స్కోరే మనకు వస్తుంది. పక్కనున్న ప్రమాదకరమైన మచ్చను సూది దాటిపోతే, ఎంత గొప్ప జీన్ టెస్ట్ అయినా దాన్ని చూడలేదు. అందుకే ఎంఆర్‌ఐ చూసి గురిపెట్టి చేసిన బయాప్సీ, అందులోనూ ఎక్కువ గ్రేడ్ వచ్చిన ముక్క మీద చేసిన టెస్టుకే విలువ. ల్యాబ్‌కు ఏ ముక్క పంపుతున్నారో అడగడం రోగి హక్కు.

విడి జన్యువుల్లో నేను రిపోర్టులో వెతికేది పీటెన్. కణం అడ్డూ అదుపూ లేకుండా పెరగకుండా పట్టి ఉంచే బ్రేకు లాంటిది ఈ జన్యువు. అది పోతే కణాన్ని పెరగమని చెప్పే పీఐ3కే అనే సంకేత మార్గం హద్దు లేకుండా నడుస్తుంది. పీటెన్ పోయిన కణితులు మొండిగా ఉంటాయని ఎన్నో అధ్యయనాల్లో తేలింది, పైగా దీన్ని చూడటానికి మామూలు పాథాలజీ ల్యాబ్‌లో స్లైడుకు రంగు వేస్తే చాలు. కేఐ-67 కూడా అంతే, విభజన చెందుతున్న కణాల శాతం చెబుతుంది. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2, ఈఆర్‌జీ అనే రెండు జన్యువులు అతుక్కుపోవడాన్ని 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయ్యన్ బృందం కనిపెట్టింది. రెండూ 21వ క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉండేవే. ఐరోపా మూలాలున్న రోగుల్లో దాదాపు సగం మందిలో ఈ అతుకు కనిపిస్తుంది, ఆసియా మగవాళ్లలో అంతకన్నా తక్కువ. ఇది క్యాన్సర్ ఎలా పుట్టిందో చెప్పే గొప్ప ఆధారం. జబ్బు ఎంత దూకుడుగా ఉంటుందో మాత్రం అదొక్కటే చెప్పలేదు. రిపోర్టులో ఈఆర్‌జీ పాజిటివ్ అని కనబడగానే భయపడొద్దు.

ఆ సగం మంది లెక్కలో ఒక పెద్ద విషయం దాగి ఉంది. ఈ స్కోర్లను తయారుచేసిన నమూనాల్లో అత్యధికం ఐరోపా మూలాలున్న మగవాళ్లవి. కణితి జన్యుమార్పులు జనాన్ని బట్టి మారుతున్నప్పుడు, ఒక చోట గీసిన గీత అందరికీ అదే అర్థంలో సరిపోతుందని ముందే అనుకోకూడదు. రిపోర్టులో రెండు దశాంశాలతో అచ్చయిన అంకె చూస్తే ఎంతో కచ్చితంగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ ఆ అంకె వెనక ఉన్న మనుషులు ఎవరన్నది కూడా లెక్కలోకి రావాలి. ఇది నన్ను బాగా కలవరపెట్టే విషయం, మా రంగం దీన్ని సరిచేసుకోవడంలో చాలా నెమ్మదిగా ఉంది.

జబ్బు అప్పటికే పాకినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు దూకుడు ఎంత అన్న దానికన్నా ఏ మందు పనిచేస్తుందన్నదే ముఖ్యం. ఏఆర్-వీ7 అనే మార్కర్ ఉంది, కణంలో మగ హార్మోన్ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌లో హార్మోన్ అతుక్కునే భాగమే లేని రూపం అది. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల్లో అది ఉన్నవాళ్లకు ఎంజాలుటమైడ్, అబిరాటెరోన్ అనే హార్మోన్ మందులు పనిచేయడం లేదని 2014లో జాన్స్ హాప్కిన్స్ బృందం చూపించింది. అలాగే టీపీ53, ఆర్‌బీ1 జన్యువులు పాడైన కణితులు కొన్ని న్యూరోఎండోక్రైన్ రకంగా (నాడీ కణాల పోలికలున్న రకం) మారిపోతాయి. అవి పీఎస్‌ఏ తయారుచేయడమే తగ్గించేస్తాయి, కాబట్టి పీఎస్‌ఏ కిందే ఉంటుంది, స్కాన్‌లో జబ్బు మాత్రం పెరుగుతుంటుంది. చికిత్సలో ఉన్న మనిషి సన్నబడుతూ, నొప్పులు పెరుగుతూ ఉంటే పీఎస్‌ఏ బాగానే ఉందిలే అని వదిలేయకండి.

బాబాయి విషయానికొస్తే, ఆయనకు 3+3, డెన్సిటీ 0.15 లోపే, ఎంఆర్‌ఐలో అనుమానించాల్సింది ఏమీ లేదు. "ఏమ్మా, మరి ఆ జీన్ టెస్ట్ చేయించకపోతే తర్వాత బాధపడమా?" అన్నాడు. "ఎక్కువ వస్తే ఆపరేషన్‌కి వెళ్తావా బాబాయ్?" అని అడిగాను. వెళ్లనన్నాడు, ముందు ఇంకోసారి బయాప్సీ చేయించుకుంటానన్నాడు. "అది ఎలాగూ ఏడాదిలో చేస్తామని డాక్టర్ చెప్పారుగా" అన్నాను. అంతే, ఆ సంభాషణ అక్కడితో తేలిపోయింది. అదే గ్రూప్ 2 వచ్చి ఉంటే నేను ఇంకోలా మాట్లాడేదాన్ని.

అయితే బాబాయిని నేను గుచ్చిగుచ్చి అడిగింది వేరే ఉంది: మన వైపు ఎవరికైనా రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్, ప్యాంక్రియాస్ క్యాన్సర్ వచ్చాయా అని. ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా కణితిలో కనిపించే మార్పులు. పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలో ఉండే మార్పులు ఇంకో కోవ, వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బీఆర్‌సీఏ2. రొమ్ము క్యాన్సర్ జన్యువు అని పేరు పడటంతో మగవాళ్లకు సంబంధం లేదనుకుంటారు, అది చాలా నష్టం చేసే అపోహ. ఈ మార్పు ఉన్న మగవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ చిన్న వయసులో వచ్చే అవకాశం ఎక్కువ, వచ్చింది తరచూ దూకుడుగా ఉంటుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, జబ్బు పాకిన 692 మందిలో 11.8 శాతం మందికి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన మార్పులు ఉన్నాయి, గ్రంథి దాటని జబ్బు ఉన్నవాళ్లలో అది 4.6 శాతమే. ఏటీఎం, చెక్2, బీఆర్‌సీఏ1 కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

దీని ఫలితం చికిత్సను నేరుగా మారుస్తుంది. బీఆర్‌సీఏ2 మార్పు ఉన్న మనిషిని గమనిస్తూ ఉండటానికి డాక్టర్లు వెనకాడతారు. జబ్బు పాకి, హార్మోన్ మందులకు లొంగకపోతే, ఓలాపరిబ్, రూకాపరిబ్ వంటి పార్ప్ నిరోధకాలు పనిచేసే అవకాశం ఉంది, ఈ రెండింటికీ ప్రోస్టేట్ క్యాన్సర్‌లో 2020లో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. మరమ్మతు వ్యవస్థ ముందే కుంటుపడిన కణంలో రెండో మరమ్మతు దారిని కూడా మూసేస్తే ఆ కణం చనిపోతుంది, ఆ మందుల కిటుకు అదే. అందుకే జబ్బు పాకినవాళ్లకూ, గ్రేడ్ ఎక్కువ వచ్చినవాళ్లకూ, దగ్గరి బంధువుల్లో ఆ క్యాన్సర్లు ఉన్నవాళ్లకూ ఈ పరీక్ష తప్పకుండా చేయించమని నేను గట్టిగా చెబుతాను. రక్తమో లాలాజలమో ఇస్తే చాలు.

మార్పు ఉందని తేలితే అది ఒక్కడి విషయం కాదు. తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, అది వచ్చే అవకాశం సగానికి సగం. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఉండొచ్చు. మగవాళ్ల జబ్బు కదా, ఆడపిల్లలకు చెప్పడమెందుకు అని దాచే ఇళ్లు ఉన్నాయి, అక్కడ రొమ్ము, అండాశయ క్యాన్సర్లను ముందే పట్టుకునే లేదా రాకుండా చూసుకునే అవకాశం ఆ కూతుళ్ల చేతుల్లోంచి జారిపోతుంది. ఇంకో సంగతి, రిపోర్టులో "అర్థం ఇంకా తేలని మార్పు" అని వస్తే దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, వాటిలో ఎక్కువ భాగం తర్వాత హానిలేనివిగానే తేలతాయి, కొన్నేళ్లకోసారి ల్యాబ్‌ని మళ్లీ అడిగి చూడాలి. రిపోర్టు అర్థం కాకపోతే జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర కూర్చోండి, వెళ్లేటప్పుడు మూడు తరాల్లో ఎవరికి ఏ క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. తల్లివైపు, తండ్రివైపు రెండూ రాయాలి, చాలామంది ఒకవైపే రాస్తారు.